క్యాన్సర్ స్క్రీనింగ్‌లో కొత్త పరీక్షలు: మేలెంత, కీడెంత, ఎవరికి ఏది?

ఒంట్లో ఏ నలతా లేనివాళ్ళు కూడా ఈమధ్య ఈ మాట అడుగుతున్నారు: "ఒక్క రక్తపరీక్షతో యాభై రకాల క్యాన్సర్లు ముందే తెలిసిపోతాయట, చేయించుకోమంటారా?" దాని వెనకే ఇంకొన్ని ప్రశ్నలు వస్తాయి. తల నుంచి కాళ్ళ దాకా ఎంఆర్ఐ తీయించుకుంటే నిశ్చింతగా ఉండొచ్చా? కొలనోస్కోపీకి (పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్షకు) బదులు రక్తం ఇస్తే సరిపోతుందా? మామోగ్రామ్‌ను (రొమ్ము ఎక్స్‌రేను) ఏఐ చూస్తే మేలా?

అడగాల్సిన ప్రశ్నలే ఇవి. ఇలా లక్షణాలు లేనివాళ్ళలో జబ్బును ముందే వెతకడాన్ని స్క్రీనింగ్ అంటారు. క్యాన్సర్ ఆలస్యంగా బయటపడి అయినవాళ్ళను పోగొట్టుకున్న ఇంట్లో "ముందే తెలిసుంటే" అన్న మాట ఎంత బరువుగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఈ పరీక్షలను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, గుడ్డిగా నమ్మనూ కూడదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ పరీక్షనైనా అది ఎన్ని క్యాన్సర్లను పట్టుకుంటుందన్న లెక్కతో ఎంచుకోవద్దు. పాజిటివ్ వచ్చాక ఏం జరుగుతుంది, చివరికి ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ళు తగ్గారా, తగ్గితే అందుకోసం ఎంతమంది ఏమేం భరించాల్సి వచ్చింది అన్నవి చూసి ఎంచుకోవాలి.

ముందు పదివేల మందితో ఒక లెక్క

ప్రచారంలో తరచూ వినిపించే మాట "99 శాతం కచ్చితత్వం". ఇది విన్నవాళ్ళకు, పాజిటివ్ వస్తే క్యాన్సర్ ఉన్నట్టే, 99 శాతం ఖాయం అనిపిస్తుంది. అది నిజమో కాదో కాగితం మీద వేసి చూద్దాం.

50 ఏళ్ళు దాటిన, ఏ లక్షణాలూ లేని 10,000 మందిని తీసుకోండి. వాళ్ళలో 100 మందికి లోపల క్యాన్సర్ ఉందనుకుందాం. మన పరీక్ష ఉన్న క్యాన్సర్లలో సగాన్ని పట్టుకుంటుంది. క్యాన్సర్ లేనివాళ్ళలో 99 శాతం మందికి లేదనే చెబుతుంది. అప్పుడు ఆ 100 మందిలో 50 మంది దొరుకుతారు. క్యాన్సర్ లేని 9,900 మందిలో ఒక శాతం, అంటే 99 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. మొత్తం 149 పాజిటివ్‌లు, అందులో నిజమైనవి 50. పాజిటివ్ వచ్చిన ముగ్గురిలో ఒక్కరికే క్యాన్సర్ ఉందన్నమాట. ఇక దొరకని 50 మంది "ఏమీ లేదు" అన్న రిపోర్ట్‌తో ఇంటికి వెళ్ళిపోతారు.

ఇదే పరీక్షను ముప్పై ఏళ్ళవాళ్ళకు చేస్తే? 10,000 మందిలో 10 మందికే క్యాన్సర్ ఉందనుకుంటే దొరికేవాళ్ళు 5 మంది, తప్పుడు పాజిటివ్‌లు 100. అంటే ఇరవై ఒక్క పాజిటివ్‌లలో ఒకటి మాత్రమే నిజం. పరీక్ష అదే, దాని కచ్చితత్వమూ అదే. చేయించుకున్న మనుషులు మారేసరికి ఫలితం ఇంతలా మారిపోయింది. పరీక్ష మంచిదా అని అడిగేముందు అది ఎవరికి అని అడగడం అందుకే ముఖ్యం.

ముందే తెలిస్తే ఎక్కువ కాలం బతుకుతారా?

కొన్నిసార్లు అవును, కొన్నిసార్లు కాదు. ఈ తేడా తెలియకపోతే ఏ పరీక్షనీ సరిగ్గా తూచలేం.

ఒకాయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 70వ ఏట చనిపోయాడనుకుందాం. దగ్గులో రక్తం పడి 67వ ఏట జబ్బు తెలిస్తే, తెలిశాక ఆయన బతికింది మూడేళ్ళు. అదే జబ్బు స్కాన్‌లో 63వ ఏటే బయటపడి, వైద్యం జరిగి, అయినా 70కే పోయాడనుకోండి. తెలిశాక బతికింది ఏడేళ్ళు. "ఐదేళ్ళు దాటి బతికినవారి" లెక్కలో ఆయన చేరిపోతాడు, పరీక్ష గొప్పగా కనిపిస్తుంది. ఆయన ఆయుష్షు మాత్రం ఒక్క రోజు కూడా పెరగలేదు. రోగినని తెలిసి బతికిన కాలమే నాలుగేళ్ళు పెరిగింది. స్క్రీనింగ్ గురించి ఎవరైనా ఐదేళ్ళ బతుకు శాతాలు చూపిస్తుంటే వాటిని పక్కన పెట్టి, పరీక్ష చేయించుకున్న, చేయించుకోని రెండు గుంపుల్లో చనిపోయినవాళ్ళ లెక్క అడగండి.

రెండోది ఇంకా బాధాకరం. కొన్ని క్యాన్సర్లు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, కొన్ని అసలు పెరగవు. మనిషి వేరే కారణంతో పోయేదాకా అవి ఏ హానీ చేయవు. వాటిని వెతికి పట్టుకుంటే ఆ మనిషికి వచ్చేది ఆపరేషన్, మందులు, భయం మాత్రమే. దీన్ని ఓవర్‌డయాగ్నోసిస్ అంటారు. తప్పుడు పాజిటివ్‌కీ దీనికీ తేడా ఉంది. తప్పుడు పాజిటివ్ అయితే తర్వాతి పరీక్షల్లో "క్యాన్సర్ కాదు" అని తేలుతుంది. ఇక్కడ బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) నిజంగానే క్యాన్సర్ అని వస్తుంది. తనకు వైద్యం అక్కర్లేకపోయిందని ఆ మనిషికి ఎప్పటికీ తెలియదు, పైగా పరీక్షే తనను బతికించిందని జీవితాంతం నమ్ముతాడు.

దక్షిణ కొరియాలో జరిగింది చూడండి. అక్కడ 1999లో ప్రభుత్వం క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. థైరాయిడ్ అందులో లేదు. కానీ కొద్ది డబ్బు అదనంగా ఇస్తే మెడకు అల్ట్రాసౌండ్ కూడా చేసేవారు కాబట్టి చాలామంది చేయించుకున్నారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. థైరాయిడ్ క్యాన్సర్ మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అలా దొరికినవాళ్ళలో దాదాపు అందరికీ ఆపరేషన్ చేశారు. చాలామందికి జీవితాంతం మాత్రలు తప్పలేదు. కొందరికి కాల్షియం సమస్యలు వచ్చాయి, కొద్దిమందికి గొంతు పోయింది. 2014లో అక్కడి వైద్యులే ముందుకొచ్చి ఇది వద్దని చెప్పాక గానీ ఆపరేషన్లు తగ్గలేదు. చేసిన పరీక్ష చూస్తే సూది గుచ్చేది కాదు, రేడియేషన్ లేదు, నొప్పి లేదు. అయినా ఇంత కీడు జరిగింది.

జపాన్‌లో పసిపిల్లలకు ఆరు నెలల వయసులో మూత్రపరీక్షతో న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌ను వెతికే కార్యక్రమం 1980ల మధ్య నుంచి నడిచింది. దొరికిన కణితుల్లో చాలావరకు వాటంతట అవే కరిగిపోయే రకం. మరణాలు తగ్గుతాయన్న ఆధారం దొరకక దాన్ని ఆపేశారు.

ఇక బ్రిటన్‌లో అండాశయ క్యాన్సర్ మీద జరిగిన అధ్యయనం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. 2001 నుంచి 2 లక్షల మందికి పైగా మహిళలను చేర్చుకుని, కొందరికి ఏటా రక్తపరీక్షతో, కొందరికి అల్ట్రాసౌండ్‌తో స్క్రీనింగ్ చేశారు, మిగతావారికి చేయలేదు. రక్తపరీక్ష గుంపులో మొదటి స్టేజ్‌లో దొరికిన క్యాన్సర్లు పెరిగాయి, నాలుగో స్టేజ్‌వి తగ్గాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ 2021లో వచ్చిన తుది ఫలితాల్లో మరణాలు తగ్గలేదు. స్టేజ్ ముందుకు జరగడం ఒకటి, ప్రాణం నిలవడం ఒకటి.

ఒక్క రక్తపరీక్షతో అనేక క్యాన్సర్లు

కణాలు చనిపోయినప్పుడు వాటి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలో కలుస్తాయి. క్యాన్సర్ కణాల డీఎన్‌ఏ మీద ఉండే రసాయన గుర్తులు వేరుగా ఉంటాయి. వాటిని చదివి, క్యాన్సర్ సంకేతం ఉందా, ఉంటే ఏ అవయవం నుంచి అని అంచనా వేయడమే ఈ పరీక్ష. శాస్త్రంగా చూస్తే అద్భుతమైన పని. వీటిలో ఎక్కువ పేరున్నది గాలెరీ.

కిటుకంతా స్టేజ్‌లో ఉంది. 2021లో ప్రచురించిన పరిశోధనలో, క్యాన్సర్ ఉందని అప్పటికే తెలిసినవారి రక్తాన్ని పరీక్షిస్తే మొదటి స్టేజ్‌లో ఉన్నవాటిలో 17 శాతం, రెండో స్టేజ్‌లో 40, మూడో స్టేజ్‌లో 77, నాలుగో స్టేజ్‌లో 90 శాతం దొరికాయి. కణితి చిన్నదైతే రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏ కూడా తక్కువే మరి. ముందుగా పట్టుకుంటుందని ఆశపడేది మొదటి స్టేజ్ కోసం, పరీక్ష బలంగా పనిచేసేది చివరి స్టేజ్‌లలో.

మామూలు మనుషుల మీద చేసిన పాత్‌ఫైండర్ అధ్యయనం 2023లో ప్రచురితమైంది. 50 ఏళ్ళు పైబడిన 6,600 మందికి పైగా పరీక్షిస్తే 92 మందికి పాజిటివ్ వచ్చింది. వారిలో 35 మందికి క్యాన్సర్ తేలింది, 57 మందికి ఏమీ లేదు. ఏడాదిలో ఆ మొత్తం గుంపులో బయటపడిన క్యాన్సర్లు 121. అంటే వాటిలో 86 ఈ పరీక్షకు దొరకలేదు. తర్వాత ఇంకా పెద్ద గుంపు మీద చేసినప్పుడు పాజిటివ్‌లలో నిజమైనవాటి వాటా బాగా మెరుగుపడిందన్నది కూడా ఇక్కడ చెప్పాలి.

పాజిటివ్ వచ్చినవాళ్ళ దారి ఎలా ఉంటుందో ఊహించుకోండి. రిపోర్ట్‌లో "సంకేతం ఉంది, పాంక్రియాస్ కావచ్చు" అని ఉంటుంది. సీటీ తీస్తారు, ఏమీ కనపడదు. ఎంఆర్ఐ, ఆ తర్వాత ఎండోస్కోపీ, ఆ తర్వాత పెట్ స్కాన్. అన్నీ బాగానే ఉన్నాయంటారు. అప్పుడైనా హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చా? లేదు, "మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం" అంటారు. ఎక్కడుందో చూడటానికే వీల్లేని క్యాన్సర్ గురించి నెలల తరబడి టెన్షన్ పడటం చిన్న విషయం కాదు. ఒక అవయవాన్నే చూసే స్క్రీనింగ్‌లో వెతకడానికి ఒక హద్దు ఉంటుంది. ఇక్కడ ఎప్పుడు ఆపాలో డాక్టర్‌కే స్పష్టంగా తెలియదు.

ఇంగ్లండ్‌లో 1,40,000 మందికి పైగా చేరిన పెద్ద అధ్యయనం 2021లో మొదలైంది. దానిలో ప్రధానంగా కొలవదలచుకున్నది మూడు, నాలుగు స్టేజ్‌ల క్యాన్సర్లు తగ్గుతాయా అన్నది. అండాశయ క్యాన్సర్ అనుభవం తర్వాత, స్టేజ్ లెక్కతోనే తృప్తిపడటం నాకైతే సరికాదనిపిస్తుంది.

నా సలహా: మీ వయసుకు తగ్గ నిరూపితమైన పరీక్షలు ఇంకా చేయించుకోకపోతే ఇది వద్దు. ఇది వాటికి బదులు కాదు. అన్నీ సక్రమంగా చేయించుకుంటున్నవారు, 50 దాటినవారు, పాజిటివ్ వస్తే వరసగా స్కాన్‌లకు మనసు, డబ్బు, తీరిక ఉన్నవారు చేయించుకుంటానంటే కాదనను. నెగెటివ్ వచ్చిందని మామోగ్రామో మలపరీక్షో మానేస్తే మాత్రం చేయించుకోకుండా ఉన్నదానికంటే ఎక్కువ నష్టం. పరిశోధనలో భాగంగా ఉచితంగా చేస్తామంటే అన్నిటికంటే మంచి దారి అదే, ఎందుకంటే మీ ఫలితం రేపు అందరికీ పనికొస్తుంది.

ఒళ్ళంతా ఎంఆర్ఐ

దీని గురించి సూటిగా చెబుతాను: లక్షణాలు, వంశపారంపర్య ముప్పు లేనివారికి నేను సిఫారసు చేయను. రేడియేషన్ లేదన్నది నిజమే. కానీ లక్షణాలు లేని మామూలు మనుషుల్లో ఇది ప్రాణాలు కాపాడుతుందని చూపిన యాదృచ్ఛిక అధ్యయనం (చీటీ వేసినట్టు మనుషులను రెండు గుంపులుగా విడగొట్టి పోల్చేది) ఒక్కటీ లేదు. దీన్ని సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవని 2023లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ కూడా చెప్పింది.

ఒళ్ళంతా వెతికితే ఏదో ఒకటి కనపడకుండా ఉండదు. కిడ్నీలో నీటితిత్తి, లివర్‌లో రక్తనాళాల గడ్డ, థైరాయిడ్‌లో చిన్న బుడిపె, అడ్రినల్ గ్రంథి మీద ఒక ఉబ్బు. వీటిలో అత్యధికం మనిషితో పాటే ఉండిపోయేవి. రిపోర్ట్‌లో మాత్రం "ఆరు నెలల్లో మళ్ళీ పోల్చి చూడాలి" అని వస్తుంది. పెద్దపేగులో చిన్న పాలిప్ (బుడిపె), రొమ్ములో సున్నపు చుక్కలు, ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చ వంటివి చూడటంలో ఇది వాటి కోసమే ఉన్న పరీక్షలకు సాటిరాదు. కొండను తవ్వి ఎలుకను పట్టే వ్యవహారం, పైగా ఒక్కోసారి ఆ ఎలుక కోసం బయాప్సీ సూది గుచ్చించుకోవాలి.

లీ-ఫ్రామెనీ సిండ్రోమ్ ఉన్నవారి సంగతి వేరు. టీపీ53 జన్యులోపం వల్ల చిన్న వయసు నుంచే పలుచోట్ల క్యాన్సర్లు వచ్చే కుటుంబాలవి. వారికి ఏటా ఒళ్ళంతా ఎంఆర్ఐ చేయాలనే నిపుణులు చెబుతారు. మనుషులు మారితే ఫలితం మారుతుందన్న పైలెక్క ఇక్కడ మంచి వైపు పనిచేస్తుంది.

ఊపిరితిత్తులకు తక్కువ డోస్ సీటీ

ఇది నిరూపితమైన పరీక్ష, అయితే అందరికీ కాదు. అమెరికాలో 53,000 మందికి పైగా, 55 నుంచి 74 ఏళ్ళ వయసువారు, రోజుకు పెట్టె చొప్పున కనీసం 30 ఏళ్ళకు సమానంగా సిగరెట్లు తాగినవారు పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. మూడేళ్ళు ఏటా సీటీ తీసిన గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు, ఎక్స్‌రే తీసిన గుంపుతో పోలిస్తే 20 శాతం తగ్గాయి. 320 మందిని స్క్రీన్ చేస్తే ఒక మరణం తప్పింది. స్క్రీనింగ్ ప్రపంచంలో ఇది గట్టి ఫలితం. నెదర్లాండ్స్, బెల్జియంలలో జరిగి 2020లో వచ్చిన అధ్యయనం కూడా దీన్నే బలపరిచింది.

మూల్యం కూడా ఉంది. ఆ అమెరికా అధ్యయనంలో 24 శాతం సీటీలు పాజిటివ్ వచ్చాయి, వాటిలో 96 శాతం క్యాన్సర్లు కావు. ఆ తర్వాత వచ్చిన నియమాల్లో చిన్న మచ్చలను వెంటనే కెలకకుండా గమనించమని చెప్పడంతో ఈ బెడద తగ్గింది. రేడియేషన్ సుమారు 1.5 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచి ఏడాదికి మనకు సగటున తగిలేది 2.4 కాబట్టి భయపడాల్సిన పని లేదు.

ఇదే స్కాన్‌ను పొగతాగనివారికి విచ్చలవిడిగా చేస్తే ఏమవుతుందో తైవాన్ చూపించింది. అక్కడి మహిళల్లో పొగతాగేవారు చాలా తక్కువ. సీటీలు విరివిగా చేశాక వారిలో తొలి స్టేజ్ ఊపిరితిత్తుల క్యాన్సర్లు 2004 నుంచి 2018కి ఆరు రెట్లు దాటాయి. ముదిరిన స్టేజ్ కేసులు మాత్రం తగ్గలేదు. అమెరికా మార్గదర్శకాల ప్రకారం 2021 నుంచి ఇది 50 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉండి, రోజుకు పెట్టె చొప్పున 20 ఏళ్ళకు సమానంగా తాగి, ఇంకా తాగుతున్నవారికి లేదా మానేసి 15 ఏళ్ళు దాటనివారికి. మీరు ఆ కోవలోకి వస్తే కొత్త రక్తపరీక్ష గురించి ఆలోచించే ముందు ఇది చేయించుకోండి. సిగరెట్ మానడం దీనికంటే పెద్ద మందు.

పెద్దపేగు: మలం, రక్తం, కొలనోస్కోపీ

ఇక్కడ ఎంపిక చేసుకునేవారికి ఒక విషయం బాగా తెలియాలి. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా పాలిప్ అనే చిన్న బుడిపె నుంచి ఏళ్ళ తరబడి పెరిగి వస్తుంది. ఆ బుడిపెను తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపొచ్చు. కాబట్టి పరీక్ష క్యాన్సర్‌ను ఎంత పట్టుకుంటుందన్నది ఎంత ముఖ్యమో, ముదిరిన పాలిప్‌ను ఎంత పట్టుకుంటుందన్నదీ అంతే ముఖ్యం.

మలంలో కంటికి కనపడని రక్తాన్ని వెతికే ఫిట్ పరీక్ష ఒక్కసారి చేస్తే క్యాన్సర్లలో 74 శాతం, ముదిరిన పాలిప్‌లలో 24 శాతం దొరికాయి. మలంలో డీఎన్‌ఏ కూడా చూసే పరీక్షకు ఇవి 92, 42. తప్పుడు పాజిటివ్‌లు మాత్రం ఫిట్‌లో సుమారు 5 శాతమైతే ఇందులో 13. 2024లో అమెరికాలో అనుమతి పొందిన షీల్డ్ అనే రక్తపరీక్షకు క్యాన్సర్లలో 83 శాతం దొరికాయి. ముదిరిన పాలిప్‌లు 13 శాతమే. రక్తం ఇవ్వడం సులువే కానీ, రాకుండా ఆపే గుణం అందులో బాగా తక్కువ.

కొలనోస్కోపీ లోపలికి చూసి, దొరికినదాన్ని అక్కడికక్కడే తీసేస్తుంది. నార్మల్‌గా వస్తే పదేళ్ళ దాకా మళ్ళీ అక్కర్లేదు. ముందురోజు విరేచనాల మందుతో పడే అవస్థ, కొద్దిగా రక్తస్రావం ముప్పు, పదివేలలో సుమారు ముగ్గురికి పేగుకు చిల్లు పడే ప్రమాదం దాని ఖర్చు. స్పెయిన్‌లో జరిగి 2025లో వచ్చిన పెద్ద అధ్యయనంలో రెండేళ్ళకోసారి ఫిట్‌కు పిలిచినవారికీ, ఒక్కసారి కొలనోస్కోపీకి పిలిచినవారికీ పదేళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పిలిస్తే ఫిట్‌కు ఎక్కువమంది వస్తారన్నది ఒక కారణం.

అందుకే మామూలు ముప్పు ఉన్నవారికి, క్రమం తప్పకుండా చేయించుకోగలిగితే ఫిట్ చక్కటి ఎంపిక అంటాను. మలం పట్టడం, పేగులోకి గొట్టం రెండూ ససేమిరా అనేవారు ఏమీ చేయించుకోకుండా ఉండటం కంటే రక్తపరీక్ష నయం. ఒక్క షరతు: ఫిట్, మలం డీఎన్‌ఏ, రక్తం అనే ఈ మూడు పరీక్షల్లో ఏది పాజిటివ్ వచ్చినా కొలనోస్కోపీ చేయించుకోవాల్సిందే. దానికి సిద్ధంగా లేకపోతే ముందు పరీక్షకు అర్థం లేదు.

హెచ్‌పీవీ పరీక్ష: కొత్తదే నిజంగా మెరుగు

కొత్తవన్నిటినీ అనుమానించమని చెప్పడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో కొత్త పరీక్ష పాతదాన్ని ఓడించింది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో 1,30,000 మందికి పైగా మహిళల మీద జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, దీనికి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ కోసం ఒకే ఒక్కసారి చేసిన పరీక్ష ఎనిమిదేళ్ళలో ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. ఆ అధ్యయనంలో గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్‌కు గానీ, వెనిగర్ రాసి కంటితో చూసే పరీక్షకు గానీ అంత ఫలితం రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షనే మొదటి ఎంపికగా చెప్పింది. 30 ఏళ్ళ నుంచి, 5 నుంచి 10 ఏళ్ళకోసారి చాలు. నమూనాను మహిళ తనే తీసి ఇవ్వవచ్చు కాబట్టి, పరీక్ష బల్ల మీద పడుకోవడానికి సిగ్గుపడి మానేసేవారికి ఇది వరం.

పాజిటివ్ వస్తే క్యాన్సర్ వచ్చిందని కాదు. ఈ వైరస్ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందిలో రెండేళ్ళలోపే పోతుంది. పోకుండా ఉండిపోయినవారి మీదే కన్నేయాలి. ముప్పై లోపువారికి ఈ పరీక్ష చేస్తే, దానంతట అదే పోయే వైరస్‌కు అనవసర చికిత్స జరిగి, తర్వాతి కాన్పుల్లో నెలలు నిండకముందే ప్రసవమయ్యే ముప్పు పెరగొచ్చు. ఇంకో మాట. హెచ్‌పీవీ ఎప్పుడు సోకిందో చెప్పలేం. రిపోర్ట్ పట్టుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం వల్ల జరిగే కీడు ఏ అధ్యయనంలోనూ లెక్కకు రాదు, కానీ అది చాలా పెద్దది.

రొమ్ము, ప్రోస్టేట్

బ్రిటన్‌లో 2012లో స్వతంత్ర నిపుణుల బృందం తేల్చిన లెక్క ఇది: 50 ఏళ్ళ నుంచి 20 ఏళ్ళ పాటు 10,000 మంది మహిళలను మామోగ్రామ్‌లకు పిలిస్తే 43 రొమ్ము క్యాన్సర్ మరణాలు తప్పుతాయి, 129 మందికి ఎప్పటికీ ఇబ్బంది పెట్టని క్యాన్సర్‌కు వైద్యం జరుగుతుంది. ఒక ప్రాణానికి ముగ్గురు. ఈ లెక్క చూసి కూడా చాలామంది మహిళలు చేయించుకుంటామనే అంటారు, అది సబబైన నిర్ణయమే. లెక్క చెప్పకుండా చేయించడమే సబబు కాదు.

ఏఐ విషయం: స్వీడన్‌లో లక్ష మందికి పైగా మహిళల మీద జరిగిన అధ్యయనంలో ఏఐ సాయంతో చదివినప్పుడు 29 శాతం ఎక్కువ క్యాన్సర్లు దొరికాయి, డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది. ఇది మీరు ఎంచుకునేది కాదు, ఆస్పత్రి ఎంచుకునేది. అదనపు డబ్బు కట్టి ఏఐ రిపోర్ట్ తీసుకోమంటే తొందరపడక్కర్లేదు. రొమ్ము కణజాలం బాగా దట్టంగా ఉందని రిపోర్ట్‌లో రాస్తే మాత్రం డాక్టర్‌తో ఎంఆర్ఐ గురించి మాట్లాడండి. నెదర్లాండ్స్ అధ్యయనంలో అలాంటివారికి ఎంఆర్ఐ ఇవ్వజూపితే, రెండు మామోగ్రామ్‌ల మధ్య హఠాత్తుగా బయటపడే క్యాన్సర్లు సగానికి తగ్గాయి. తప్పుడు పాజిటివ్‌లు వెయ్యికి 80 దాకా వచ్చాయి.

ప్రోస్టేట్‌లో మెరుగుదల ఎక్కడొచ్చిందంటే, పాజిటివ్ తర్వాత చేసే పనిలో. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్షలో అంకె ఎక్కువుంటే గతంలో నేరుగా పది, పన్నెండు సూదులు గుచ్చి బయాప్సీ చేసేవారు. ఇప్పుడు ముందు ఎంఆర్ఐ తీసి, అనుమానం ఉన్నచోటే గుచ్చుతున్నారు. 2022లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో దీనివల్ల హాని చేయని క్యాన్సర్లు దొరకడం సగానికి తగ్గింది. దొరికిన తక్కువ ముప్పు క్యాన్సర్‌ను వెంటనే కోయకుండా గమనిస్తూ ఉండటం కూడా మామూలైంది. మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన పోవడం వంటి కష్టాలు తప్పుతాయి కాబట్టి మగవాళ్ళు పరీక్షకు ముందే అడగాల్సింది ఇదే: ఇక్కడ ఎంఆర్ఐ ముందు చేస్తారా, గమనిస్తూ ఉండే పద్ధతి ఉందా? రెండింటికీ లేదంటే పీఎస్‌ఏ చేయించుకోవడం వాయిదా వేయడమే నయం.

మీ విషయంలో ఎలా తేల్చుకోవాలి

మొదట మీ ముప్పును చూడండి. వయసు, పొగతాగిన చరిత్ర, ఇంట్లో ఎవరికి ఏ క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందన్నది ఒక కాగితం మీద రాసుకోండి. తల్లికో అక్కకో నలభైలలోనే రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్, తండ్రికి యాభైలోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఇక్కడ చెప్పిన వయసులు మీకు వర్తించవు. మీరు ముందు కలవాల్సింది జన్యు సలహా ఇచ్చే డాక్టర్‌ను. బీఆర్‌సీఏ లాంటి జన్యులోపం తేలితే స్క్రీనింగ్ ముందే మొదలవుతుంది, పరీక్షలూ వేరుగా ఉంటాయి.

తర్వాత, మరణాలు తగ్గిస్తాయని తేలిన పరీక్షల్లో మీకు వర్తించేవి ఏవి బాకీ ఉన్నాయో చూసి అవి ముందు పూర్తి చేయండి. ఆ తర్వాత కూడా కొత్తది కావాలనిపిస్తే, దాన్ని అందిస్తున్నవారిని అడగండి: నా వయసువారు వెయ్యిమంది చేయించుకుంటే ఎంతమందికి పాజిటివ్ వస్తుంది, వారిలో ఎంతమందికి నిజంగా క్యాన్సర్ ఉంటుంది? పాజిటివ్ వస్తే తర్వాతి పరీక్షలు ఏవి, ఎవరు చేస్తారు, ఆ డబ్బు ఎవరిది? ఇది మరణాలు తగ్గిస్తుందని చూపిన అధ్యయనం ఉందా? వీటికి అంకెలతో జవాబు రాకుండా "ముందే తెలుసుకోవడం మంచిదేగా" అన్న మాట మాత్రమే వస్తే నేనైతే ఆగిపోతాను.

వయసు పైబడి, గుండె జబ్బో కిడ్నీ జబ్బో బాగా ముదిరి ఉన్నవారికి స్క్రీనింగ్ ఆపేయడం కూడా మంచి వైద్యమే. మేలు కనిపించడానికి ఏళ్ళు పడుతుంది, కీడు మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. అమ్మానాన్నల మీద ప్రేమతో ప్యాకేజీలు కొనిచ్చే పిల్లలు ఇది ఆలోచించాలి.

ఇక్కడ చెప్పినదంతా లక్షణాలు లేనివారి కోసం. రొమ్ములో గడ్డ, మలంలో రక్తం, నెలసరి ఆగిపోయాక రక్తస్రావం, మానని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి కనిపిస్తే మొన్ననే తీసిన స్క్రీనింగ్ రిపోర్ట్ ఎంత బాగున్నా దాన్ని పక్కన పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అప్పుడు కావాల్సింది స్క్రీనింగ్ పరీక్ష కాదు, ఆ లక్షణానికి కారణం తేల్చే పరీక్ష.